అంగిలి కుట్టాక చెవిలో నీరు: గ్రొమెట్ మేలా, వేచి చూడటం మేలా?

మా బాబు అంగిలి చీలికతో పుట్టాడు. పదకొండో నెలలో దాన్ని కుట్టారు. ఇక మాటలు వాటంతట అవే వస్తాయనుకున్నాం. మూడేళ్లు నిండినా ‘బాబు’ అనమంటే ‘మాము’ అనేవాడు, ‘తాత’ను ‘నాన’ అనేవాడు. వెనక నుంచి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. మగపిల్లలకు మాటలు ఆలస్యమేనని మా అత్తగారు ధైర్యం చెప్పేవారు. కావలి నుంచి నెల్లూరు తీసుకెళ్లి పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరుందని తేలింది.

చెవిని ముక్కు వెనక భాగంతో కలిపే సన్నని నాళం తెరుచుకోవాలంటే అంగిలి కండరం దాన్ని లాగాలి. చీలికతో పుట్టిన పిల్లల్లో ఆ కండరం అమరిక వేరు. కుట్టిన తర్వాత కూడా చాలామందిలో అది సరిగా లాగదు. గాలి ఆడక లోపల జిగట నీరు చేరుతుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, చీము కారదు. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

మా ముందు మూడు దారులున్నాయి. మొదటిది మూడు నెలలు ఆగి మళ్లీ పరీక్షించడం. మత్తు అక్కర్లేదు, కొందరికి నీరు దానంతటదే ఇంకిపోతుంది కూడా. కానీ ఈ పిల్లల్లో అది మళ్లీ మళ్లీ చేరుతుంది, మాటలు నేర్చే వయసేమో ఆగదు. మళ్లీ పరీక్షకు తీసుకెళ్లకపోతే దాన్ని వేచి చూడటం అనకూడదు, వదిలేయడమే.

రెండోది గ్రొమెట్. కర్ణభేరిలో పెట్టే బుల్లి గొట్టం. మత్తు ఇవ్వాలి. సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు దానంతటదే ఊడిపోతుంది, మళ్లీ వేయించాల్సి రావచ్చు. కొందరికి చెవి కారుతుంది, అరుదుగా రంధ్రం మిగులుతుంది. మూడోది వినికిడి యంత్రం. కోత లేదు. అయితే మా ఎండల్లో, చెమటలో మూడేళ్ల పిల్లవాడు దాన్ని రోజంతా ఉంచుకోవాలి.

మేం మూడు నెలలు ఆగాం. నీరు తగ్గలేదు, గ్రొమెట్లు వేయించాం. ఇంటికొచ్చిన సాయంత్రం కుక్కర్ విజిల్ వేస్తే వాడు రెండు చెవులూ మూసుకున్నాడు. నేను పొయ్యి దగ్గరే ఏడ్చాను. రెండు చెవులూ మందగించి, మాట వెనకబడి ఉంటే మూడు నెలలకు మించి ఆగకండి. మత్తు కుదరని పిల్లలకు యంత్రమే మేలు.

వినికిడి వచ్చినా ‘మాము’ మాత్రం మారలేదు. స్పీచ్ థెరపిస్ట్ ముక్కు కింద చిన్న అద్దం పెట్టి ‘పాప’ అనిపించారు. మాట అయ్యీ కాకముందే అద్దం తీసేశారు, మామూలు ఊపిరి తగలకుండా. అయినా మసకబారింది. అంటే గాలి ముక్కులోంచి పోతోంది. అంగిలి పొట్టిదై ముక్కులోకి వెళ్లే దారి మూసుకోకపోతే ఎంత సాధన చేసినా లాభం లేదు, రెండో ఆపరేషన్ కావాలి. తప్పుగా అలవాటైన శబ్దమైతే కత్తి దాన్ని దిద్దలేదు, థెరపీయే దారి. ముక్కులోంచి సన్నని కెమెరా పంపి, పిల్లవాడు మాట్లాడుతుండగా చూస్తే ఈ రెండింటిలో కారణం ఏదో తెలుస్తుంది. అది చూడకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. బుడగలు ఊదించడం మాటను బాగుచేయదు; ఊదేటప్పుడు అంగిలి పనిచేసే తీరు వేరు, మాట్లాడేటప్పుడు వేరు. మేం దానిపై నెలలు పోగొట్టుకున్నాం.

మావాడిది ఎక్కువగా అలవాటేనని తేలింది. వారానికోసారి నెల్లూరు, రోజూ ఇంట్లో పది నిమిషాలు. ఇప్పుడు ‘మాము’ ‘బాము’ అయింది.