చీరల గ్రూపులు నడిపేవాళ్లు ఆ యాప్‌లో 'సరే' నొక్కే ముందు ఇది చదవండి

వస్త్రలత బట్టల మార్కెట్‌లో సరుకు తెచ్చుకుని ఇంట్లో చీరలు అమ్ముకునే నాలాంటివాళ్ల కోసం రాస్తున్నాను. చిన్న వ్యాపారులకంటూ ఒక సోషల్ యాప్ మన బెజవాడలో బాగా తిరుగుతోంది. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయను. వాడేవాళ్లకి రెండు ముక్కల్లో అర్థమైపోతుంది.

నెలకి రూ.99 కడితే, మనం చేర్చినవాళ్లకే కనబడే గ్రూపు పెట్టుకోవచ్చన్నారు. అందుకే కట్టాను. మనకి మోడళ్లు ఎక్కడ దొరుకుతారు? కొన్నవాళ్లే చీర కట్టుకుని ఫోటో పంపేవారు, అందులో పెట్టేదాన్ని. 180 మంది, అందరూ ముఖపరిచయం ఉన్నవాళ్లే.

ఆషాఢం చివర్లో యాప్ తెరవగానే 'కొత్త సభ్యత్వ విధానం' అంటూ ఒక పెట్టె వచ్చింది. మధ్యలో పెద్ద పచ్చ బటన్, 'సరే'. దాని అడుగున బూడిద రంగులో, కళ్లజోడు పెట్టుకున్నా ఆననంత సన్నగా 'సెట్టింగులు మార్చుకోండి'. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. సరే నొక్కేసి పరిగెత్తాను.

ఆ ఒక్క నొక్కుతో గ్రూపు ఊరందరికీ తెరుచుకుంది. పటమట పిన్నిగారు ఫోన్ చేసేదాకా నాకు తెలీదు. "ఏమ్మా, మంగళగిరి చీరలో ఉన్న నా ఫోటో ఎవరో మా అల్లుడికి పంపారు. నువ్వే బయట పెట్టావా?" అన్నారు. తల కొట్టేసినట్టయింది.

డబ్బు సంగతి ఇంకో కథ. శ్రావణంలో ఖాతాలోంచి రూ.349 పోయింది. ఆ 'సరే'లోనే ప్రీమియం కూడా కలిపేశారట! పిన్ అడక్కుండా ఎలా పోయిందా అని చూస్తే, మొదట్లో నేను ఒప్పుకున్న యూపీఐ ఆటోపేలో (నెలనెలా ఖాతాలోంచి డబ్బు దానంతటదే కట్టే ఏర్పాటు) 'గరిష్ఠంగా రూ.2,000' అని ఉంది. 99 అన్న అంకె చూశానే గానీ దాని పక్కనున్నది చూడలేదు. ఆ పరిమితి లోపల వాళ్లు ఎంత లాగినా మళ్లీ పిన్ అడగదు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 24 గంటల ముందు మెసేజ్ వచ్చింది, నిజమే. వరలక్ష్మీ వ్రతం ముందురోజు బ్లౌజుల హడావిడిలో ఎవరు చూస్తారండీ?

గుంటూరు బ్రాడీపేటలో మా వదిన యాప్ తీసేసి ఊపిరి పీల్చుకుంది. మర్నెల కూడా కోసేశారు. యాప్ తీసేస్తే ఆటోపే పోదు. ఫోన్‌లో మీరు డబ్బు పంపే యూపీఐ యాప్ తెరిచి, ఆటోపే జాబితాలో ఆ పేరు వెతికి రద్దు చేయాలి. ఇవాళే చేయండి.

2021 జనవరిలో వాట్సాప్ కొత్త షరతులు పెట్టినప్పుడు మా ఇంటిల్లిపాదీ సిగ్నల్ అనే ఇంకో మెసేజింగ్ యాప్‌కి మారాం. పది రోజులకి ఒక్కొక్కరే వెనక్కి వచ్చేశాం, చుట్టాలంతా అక్కడే ఉన్నారని. కానీ అప్పుడు జనం గోల చేస్తేనే ఆ షరతులు ఒప్పుకోవాల్సిన గడువు ఫిబ్రవరి 8 నుంచి మే 15కి జరిగింది. మన గోల అంత దూరం వినబడదు గానీ, 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. చేరడం తేలిగ్గా, బయటపడటం కష్టంగా పెట్టే ఇలాంటి ఎత్తుల్ని 2023 నవంబరు 30 నాటి కేంద్ర మార్గదర్శకాలు నిషేధించాయి. నేను ఫిర్యాదు పెట్టాను. 'మీరు అంగీకరించారు' అని కంపెనీ ఒక్క ముక్క జవాబిచ్చింది. ఆ పెట్టె స్క్రీన్‌షాట్ నా దగ్గర లేదు. మీకు వస్తే ముందు అది తీసి పెట్టుకోండి.

గ్రూపు మూసేశాను, ఫోటోలన్నీ తీసేశాను. శ్రావణం వెళ్లిపోయింది, పిన్నిగారు మాత్రం ఈసారి మా ఇంటికి చీరకి రాలేదు.