ఆరుబయట మాస్కు: గడప దాటగానే పెట్టుకోవాలా, ఎదుటి మనిషిని చూసి పెట్టుకోవాలా?

మా ఇంట్లో ఈ గొడవ 2020 మేలో, కోవిడ్ రోజుల్లో మొదలైంది. మావయ్యది ఒకటే మాట, గడప దాటావంటే మూతికి మాస్కు ఉండాల్సిందే. బావది ఇంకో మాట, పైన ఆకాశం కనిపిస్తుంటే ఇంకా ఆ గుడ్డెందుకని. ఇద్దరూ నన్నే తీర్పు చెప్పమనేవాళ్లు. ఆ తర్వాత 2023 డిసెంబరులో జేఎన్.1 అనే కోవిడ్ కొత్త రకం పేరు వార్తల్లోకి వచ్చినప్పుడూ, 2025 మేలో కేసులు మళ్లీ పెరుగుతున్నాయన్నప్పుడూ తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగింది కూడా ఇదే: "బయట వాకింగ్‌కి కూడా పెట్టుకోవాలంటావా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఒకచోట రాసేస్తే నయం అనిపించింది. బస్సులో, ఆసుపత్రిలో, ఏసీ గదిలో మాస్కు గురించి నాకు సందేహం లేదు, జబ్బు ఊరంతా తిరుగుతున్నప్పుడు అక్కడ పెట్టుకోవాల్సిందే. ఇక్కడ మాట్లాడేది ఆరుబయట సంగతి మాత్రమే.

ముందు మావయ్య పక్షం. గడప దాటితే మాస్కు అనే పద్ధతికి ఉన్న పెద్ద బలం, అందులో ఆలోచించాల్సింది ఏమీ లేకపోవడం. తెలంగాణలో 2020 మేలోనే మాస్కు లేకపోతే 1000 రూపాయల జరిమానా పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరిలో, ఒమిక్రాన్ అప్పుడు, 100 రూపాయలన్నారు. 1000 అంటే కూలి మనిషికి రెండు రోజుల కష్టం, అది ఎక్కువే అని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. కానీ కూడలిలో నిలబడ్డ కానిస్టేబుల్ ఎవరెవరి మధ్య ఎంత దూరం ఉంది, ఎంతసేపు మాట్లాడుకున్నారు అని కొలుస్తూ కూర్చోలేడు కదా. మాస్కు ఉందా, లేదా, అంతే చూడగలడు.

ఇంకో సంగతి. పార్కులో, చెట్ల కింద, పది గజాలకి ఒక మనిషి నడిచే బయట వేరు, మన బయట వేరు. సాయంత్రం ఆరింటికి రైతుబజారులో టమాటాల కుప్ప దగ్గర నిలబడి చూడండి, ముందువాడి భుజం మీదుగా చెయ్యి చాపితే గానీ సంచిలో కాయ పడదు. 2020 మే మొదటి వారంలో రెండు రాష్ట్రాల్లోనూ మద్యం షాపులు తెరిచిన రోజు క్యూలు గుర్తున్నాయా? అదీ ఆరుబయటే. షేర్ ఆటోకి పక్కలు తెరిచే ఉంటాయి, కానీ లోపల మోకాలికి మోకాలు తగులుతుంది. కాబట్టి "బయట ప్రమాదం లేదు" అని వేరే దేశాల్లో చెప్పిన మాట మనకి యథాతథంగా సరిపోదని మావయ్య అంటే నేను కాదనలేను.

మావయ్య వైపు ఇంకో గట్టి ఆధారం మన పక్కనే ఉన్న బంగ్లాదేశ్ నుంచి వచ్చింది. 600 పల్లెల్లో, 3 లక్షల 40 వేల మందికి పైగా జనం మీద చేసిన పరిశీలన అది. సగం ఊళ్లలో మాస్కులు ఉచితంగా పంచి, సంతల్లో, మసీదుల దగ్గర నిలబడి పెట్టుకోమని గుర్తుచేశారు. మాస్కు పెట్టుకునేవాళ్లు నూటికి 13 మంది నుంచి 42 మంది దాకా పెరిగారు. సర్జికల్ మాస్కులు పంచిన ఊళ్లలో లక్షణాలతో వచ్చిన కోవిడ్ 11 శాతం దాకా తగ్గింది, 60 దాటినవాళ్లలో 35 శాతం దాకా తగ్గింది. ఇందులో నాకు నచ్చింది వేరే విషయం: మాస్కు పెట్టుకున్న ఊళ్లలో జనం ఒకరికొకరు కాస్త ఎడంగా నిలబడడం కూడా పెరిగింది. మాస్కు ఉందిగా అని మీద మీద పడతారేమో అని భయపడినవాళ్లు ఉన్నారు, జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధం.

ఇంత ఉన్నా ఆ పక్షం నేను తీసుకోలేదు. ఎందుకో చెప్పాలంటే మావయ్య సంగతే చెప్పాలి.

ఆయన పొద్దున అయిదున్నరకి కాలనీ పార్కుకి వెళ్లేవాడు, మాస్కు పెట్టుకునే. రెండో రౌండుకే అది చెమటకి తడిసి ముక్కుకి అంటుకుపోయేది, కళ్లద్దాల మీద ఆవిరి, వాటిని పంచె అంచుతో తుడుచుకుంటూ నడిచేవాడు. ఆ వేళకి పార్కులో పట్టుమని పదిమంది ఉండరు. అయినా ఒక్కసారి కూడా కిందికి లాగింది నేను చూడలేదు. "ఒరేయ్, రూలంటే రూలు" అనేవాడు. అది అయ్యాక నలుగురు స్నేహితులు కలిసి పార్కు ఎదురింట్లో, ముందు గదిలో కాఫీకి కూర్చునేవాళ్లు. దోమలొస్తాయని కిటికీలు మూసి, ఫ్యాను వేసి. అక్కడ మాస్కు గడ్డం కిందికి వచ్చేది. కాఫీ తాగాలి కదా. తాగడం అయిదు నిమిషాలు, కబుర్లు అరగంట. నేనడిగితే "గంట నుంచీ పెట్టుకునే ఉన్నా కదరా, కాస్త ఊపిరి పీల్చుకోనీ" అన్నాడు.

2021 ఏప్రిల్లో ఆ నలుగురిలో ముందు ఒకాయనకి జ్వరం వచ్చింది, మూడో రోజు మావయ్యకి, తర్వాత అత్తయ్యకి. మావయ్య ఇంట్లోనే తేలికగా బయటపడ్డాడు, అత్తయ్యని ఆసుపత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టించాల్సి వచ్చింది. ఆవిడ అప్పటికి రెండు నెలలుగా వీధి గేటు దాటలేదు. ఆ రోజుల్లో ఒక పడక కోసం మేము ఎన్ని ఫోన్లు చేశామో తల్చుకుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది.

మనిషికి ఓపిక ఒక హద్దు వరకే ఉంటుంది. చెవులు లాగేస్తున్నా, ఊపిరాడకపోయినా భరించే ఆ ఓపికని ఖాళీ పార్కులో ఖర్చు పెట్టేస్తే మూసిన గదిలోకి వచ్చేసరికి అది అయిపోతుంది. మావయ్య రూలు తప్పలేదు. రూలే ఆయన ఓపికని ప్రమాదం లేని చోట ఖర్చు పెట్టించింది. ఆఫీసుల్లో కూడా ఇదే చూశాను, గేటు దగ్గర నుంచి లిఫ్టు దాకా మాస్కు, సీట్లో కూర్చోగానే డ్రాయరులోకి.

రూలు సాగదీస్తే ఎక్కడిదాకా వెళ్తుందో ఢిల్లీలో చూశాం. 2020 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ కార్యదర్శి, కారులో ఒంటరిగా వెళ్లేవాళ్లకి గానీ ఒంటరిగా సైకిల్ తొక్కేవాళ్లకి గానీ మాస్కు తప్పనిసరని మేము చెప్పలేదు అన్నారు. 2021 ఏప్రిల్లో ఢిల్లీ హైకోర్టు, కారు రోడ్డు మీద ఉందంటే అదీ బహిరంగ స్థలమే, ఒక్కరే ఉన్నా పెట్టుకోవాలి అంది. సిగ్నల్ దగ్గర అద్దం దించుతారు కదా అన్నది ఒక కారణం. మాస్కుని సురక్షా కవచం అంది. అప్పుడు రెండో ఉద్ధృతి ఎగబాకుతోంది, కోర్టు భయం అర్థం చేసుకోదగ్గదే. చివరికి 2022 ఫిబ్రవరిలో ఒంటరి డ్రైవర్లకి మినహాయింపు ఇచ్చారు.

ఇప్పుడు బావ పక్షం, ఆరుబయట అసలు వద్దు. దీనికి లెక్కలు బాగానే ఉన్నాయి. 2020 మొదట్లో చైనాలో, జబ్బు మొదలైన హుబే రాష్ట్రం బయటి నగరాల్లో, ముగ్గురికి గానీ అంతకు మించి గానీ అంటుకున్న 318 గుంపుల్ని పరిశీలిస్తే అన్నీ ఇళ్లలో, వాహనాల్లో, నాలుగు గోడల మధ్య అంటుకున్నవే. వీటికి విడిగా, బయట అంటుకున్నట్టు తేలిన సంఘటన ఒక్కటే, అందులో ఇద్దరు. ఐర్లాండ్‌లో 2021 వసంతం నాటికి 2 లక్షల 32 వేల కేసుల్లో బయట అంటుకున్నాయని గుర్తించినవి 262, అంటే వెయ్యికి ఒకటి. బజారులో ఎవరి నుంచి అంటుకుందో పట్టుకోవడం కష్టం కాబట్టి అసలు లెక్క ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది, అయినా తేడా చిన్నది కాదు. దానికి ఎదురుగా, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 మార్చి 10న 61 మంది ఒక హాల్లో రెండున్నర గంటలు కలిసి పాటలు సాధన చేశారు. ఒకరికి అప్పటికే లక్షణాలున్నాయి. మిగతా 60 మందిలో 52 మందికి అంటుకుంది.

ఎందుకిలా అంటే మన వంటింట్లోకే రండి. తాలింపులో ఒక్క ఎండుమిరపకాయ మాడితే చాలు, హాల్లో కూర్చున్నవాళ్లు, పై గదిలో పడుకున్నవాళ్లు అందరూ దగ్గుతారు. అదే పెరట్లో కట్టెల పొయ్యి మీద మాడితే ఘాటు పది అడుగుల అవతలికి రాదు, గాలికి పోతుంది. నోట్లోంచి వచ్చే సన్నని తుంపర్లదీ ఇదే దారి. బావ ఇక్కడిదాకా కరెక్టు. కానీ పెరట్లో కూడా పొయ్యి మీదికి వంగి ఊదే మనిషి ఉంటుంది చూశారా, ఆవిడ దగ్గుతుంది. బావ మర్చిపోయేది ఆవిడని.

పైగా బయట అంటే ఏది బయట? మా ఊళ్లో పెళ్లికి వేసిన షామియానా చూడండి. నాలుగు గుంజలు, పైన గుడ్డ, పక్కలు తెరిచి ఉంటే అది పెరడే. ఎండ కొడుతోందని మూడు వైపులా పరదాలు దించి కట్టేశారంటే అది గది, పేరుకే షామియానా. బంతిలో ఎదురెదురుగా కూర్చుని, బ్యాండు మోతకి గొంతు పెంచి గంటసేపు మాట్లాడుకుంటే ఆరుబయట భోజనమని ధీమాగా ఉండే వీల్లేదు.

అందుకని నేను పట్టుకున్నది మూడోది: మాస్కు జేబులో, కళ్లు ఎదుటి మనిషి మీద. ఒంటరిగా నడుస్తున్నా, పొలంలో ఉన్నా, డాబా మీద ఉన్నా, బండి మీద ఒక్కడినే పోతున్నా పెట్టుకోను. ఎవరితోనైనా చేయి చాపితే అందేంత దగ్గరగా నిలబడి మాట్లాడాల్సి వస్తే పెట్టుకుంటాను. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఈ మాటే. పక్క నుంచి రెండు సెకన్లలో దాటిపోయే మనిషి వల్ల వచ్చే ముప్పు చాలా తక్కువ, ఎదురుగా నిలబడి పది నిమిషాలు గట్టిగా మాట్లాడే మనిషి వల్ల వచ్చేది ఎక్కువ. బేరం ఆడేటప్పుడు ఎవరం మెల్లగా మాట్లాడతాం? పరిగెత్తేటప్పుడు, గట్టిగా వ్యాయామం చేసేటప్పుడు మాస్కు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020లోనే చెప్పింది, దూరం పాటించమంది.

కూరగాయల బండి దగ్గర మాత్రం ఎంత గాలి వీస్తున్నా పెట్టుకుంటాను. నేను అక్కడ ఉండేది రెండు నిమిషాలు. బండి వెనకాల ఉన్న ఆవిడకి పొద్దుటి నుంచి చీకటి పడేదాకా నాలాంటి మొహాలు వందల కొద్దీ ఎదురుగా వస్తాయి, ప్రతి ఒక్కరూ వంగి "కిలో ఎంత" అని ఆవిడ మొహం మీదే అడుగుతారు. మాస్కు పెట్టుకుని రమ్మని ఆవిడ ఎవరికీ చెప్పలేదు, చెబితే పక్క బండికి పోతారు. ట్రాఫిక్ పోలీసుకి, బస్‌స్టాండు దగ్గర పూలమ్మే మనిషికి, చెత్త బండి వాళ్లకి కూడా అంతే. ఆరుబయట మాస్కు ఎందుకని నన్నడిగితే మొదట చెప్పేది వీళ్ల పేరే.

ఈ పద్ధతిలో ఇబ్బందులూ ఉన్నాయి. జేబులో నలిగిన మాస్కు తాళాలతో, చిల్లరతో కలిసి మురికి పడుతుంది, అందుకే చిన్న కాగితం కవరులో పెట్టుకుంటాను, రెండోది స్పేరు. ఇంకోటి, ఇది మన దగ్గరే ఎక్కువేమో, ఎదురొచ్చిన మనిషిని చూసి మాస్కు తీసి పెట్టుకుంటే అవతలివాళ్లు నొచ్చుకుంటారు. మా వీధిలో ఒక పెద్దాయన "ఏం బాబూ, నాకేమైనా రోగముందా?" అని మొహం మీదే అడిగారు. "లేదండీ, ఇంట్లో అత్తయ్యకి బాగోలేదు, నా వల్ల మీకు రాకూడదని" అన్నాను. అప్పటి నుంచి ఆయనా నన్ను చూడగానే కండువా మూతికి అడ్డం పెట్టుకునేవారు. దారి మొదట్లోనే పెట్టేసుకుని వెళ్తే ఈ తంటా ఉండదని మావయ్య అంటాడు, ఆ మాటలో న్యాయం ఉంది. సమయానికి జేబులో వెతుక్కోవడం అందరి వల్లా కాదు, ఎనభై దాటినవాళ్లకి, జనం మధ్యలోకే పోతున్నామని ముందే తెలిసినప్పుడు, ఆయన పద్ధతే మేలు.

మిగతావాటి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఫేస్ షీల్డు ఒక్కటే పెట్టుకుంటే కింద నుంచీ పక్కల నుంచీ గాలి మామూలుగానే వస్తుంది, మాస్కుకి బదులు కాదు. కండువా, చున్నీ, కర్చీఫ్ ఏమీ లేనప్పుడు నయం. కవాటం ఉన్న ఎన్95 మన ఊపిరిని వడగట్టకుండా బయటికి వదిలేస్తుంది, 2020 జులైలోనే కేంద్రం దాన్ని వాడొద్దంది, వద్దు.

మావయ్య, బావ ఇప్పటికీ ఒప్పుకోరు గానీ కేసులు పెరిగాయన్న వార్త వస్తే ఇద్దరూ చేసేది మాత్రం కాస్త మారింది. బావ రైతుబజారుకి మాస్కుతోనే వెళ్తాడు, అదీ పొద్దున ఆరింటికి, రద్దీ మొదలు కాకముందే. మావయ్య పార్కులో మాస్కు పెట్టుకోవడం మానలేదు. అయితే ఎదురింటి గదిలోకి మాత్రం వెళ్లడు. అత్తయ్య ఫ్లాస్కులో కాఫీ పోసి ఇస్తుంది, స్నేహితులు వచ్చి పార్కు బెంచీల మీదే కూర్చుంటారు, ఒక్కో బెంచీకి ఒక్కరు, కబుర్లు కాస్త గట్టిగా చెప్పుకోవాల్సి వస్తుంది, అంతే.