వరి చేలో ఎలుకలకు బుట్టా, మందా?

గోదావరి డెల్టాలో నాట్లు పడ్డాయంటే గట్లమీద కన్నాలు మొదలు. రైతు ముందు రెండు దారులు: ఎలుకలు పట్టేవాళ్లను పిలిచి బుట్టలు, అంటే ఎలుకల బోనులు పెట్టించడం, లేదా బ్రోమోడయోలోన్ అనే ఎలుకల మందు కలిపిన ఎర వెయ్యడం.

మందు చవక. నూకలు 96 పాళ్లు, నూనె 2, మందు 2 కలిపి, పొట్లానికి పది పదిహేను గ్రాములు కట్టి కన్నంలో వేస్తారు. ముందురోజు కన్నాలన్నీ మట్టితో మూసి, మర్నాడు తెరుచుకున్నవాటిలోనే, అంటే ఎలుక ఉన్నవాటిలోనే వెయ్యాలి. చాలామంది ఈ పని ఎగ్గొట్టి, మందు కల్తీదని తిడతారు! దీని బలమంతా నిదానంలోనే ఉంది. తిన్న ఎలుక కొన్ని రోజులకుగాని చావదు కాబట్టి మిగతావాటికి అనుమానం రాదు. జింక్ ఫాస్ఫైడ్ అనే ఇంకో ఎలుకల మందుతో అలా కాదు, ఒకసారి జబ్బుపడి బతికిన ఎలుక మళ్లీ ఆ ఎర ముట్టదు. అయితే మందు తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే దానికీ ముప్పే. అది పోతే ఉచితంగా ఎలుకలు పట్టే పక్షి పోయినట్టే.

బుట్టకు ఆ గొడవ లేదు. సాయంత్రం పెడితే పొద్దున్నే ఎన్ని పడ్డాయో లెక్క తేలుతుంది, కూలీ ఆ లెక్కనే. చిక్కల్లా మనుషులు దొరకడమే, సీజన్లో అందరికీ ఒకేసారి కావాలి.

నా మటుకు పైరు లేతగా ఉన్నప్పుడు మందే, అదీ ఆయకట్టు రైతులంతా ఒకేరోజు వేస్తేనే. ఒక్కరే వేస్తే పక్క చేలోవి వచ్చి చేరతాయి. పొట్ట దశకు (కంకి ఇంకా ఆకు తొడిమలోనే ఉండే దశ) వచ్చాక చేలోనే కావలసినంత తిండి, నూకల మొహం చూడవు. అప్పుడిక బుట్టలవాళ్లనే పిలవాలి.