హిప్ ప్రొటెక్టర్ నిక్కర్లు: ఏది ఒంటి మీద ఉంటుంది, ఏది అల్మరాలో మిగులుతుంది

ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లు పక్కకి పడితే దెబ్బ నేరుగా తొడ పైభాగంలో బయటికి తగిలే ఎముక బొడిపె మీద పడుతుంది. అక్కణ్నుంచి అది తొడ ఎముక మెడకి చేరుతుంది. తుంటి విరగడమంటే ఎక్కువగా ఇదే. ఒంట్లో కండా కొవ్వూ కరిగిపోయి సన్నబడ్డవాళ్లకి ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే బొడిపెకీ నేలకీ మధ్య చర్మం తప్ప అడ్డేమీ ఉండదు. హిప్ ప్రొటెక్టర్ చేసేది ఆ అడ్డు పెట్టడమే: నిక్కరుకి రెండు పక్కలా రెండు ప్యాడ్లు. ఇది మనిషి పడకుండా ఆపదు, మణికట్టునీ వెన్నునీ కాపాడదు. దీన్ని తొడిగాం కదా అని ఎముకల మందు మానేయకూడదు.

మరి పనిచేస్తుందా? 2000లో ఫిన్లాండ్‌లో జరిగిన పరిశీలన ఫలితం చూడండి. ప్రొటెక్టర్లు ఇచ్చిన వర్గంలో మొత్తం 13 మందికి తుంటి విరిగింది. వాళ్లలో నలుగురు మాత్రమే పడ్డప్పుడు దాన్ని తొడుక్కుని ఉన్నారు. మిగతా తొమ్మిది మందీ తొడుక్కోలేదు. తర్వాత వచ్చిన పరిశీలనలు ఇంత ఆశాజనకంగా లేవు. కోక్రేన్ సమీక్ష (ఒక విషయం మీద జరిగిన పరిశీలనలన్నిటినీ కలిపి చూసి తేల్చేది) 2014లో చెప్పిన ప్రకారం వృద్ధాశ్రమాల్లాంటి చోట్ల తుంటి విరగడం కొంత తగ్గుతుంది, సొంత ఇంట్లో ఉండేవాళ్లలో తేడా దాదాపు కనపడదు. అడిగి మరీ తొడిగించే మనిషి ఒకచోట ఉంటారు, మరోచోట ఉండరు. తేడాకి మాకు కనిపించే పెద్ద కారణం అదే. అందుకే ఈ రివ్యూలో ఎక్కువ మార్కులు వేసుకోవడానికీ విప్పడానికీ ఉన్న సులువుకే.

మార్కెట్లో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. గట్టి ప్లాస్టిక్ చిప్ప రకం దెబ్బని బొడిపె మీద పడనీయకుండా చుట్టూ ఉన్న కండలోకి మళ్లిస్తుంది. పగటిపూట పర్లేదు కానీ పక్కకి తిరిగి పడుకునేవాళ్లు దీన్ని రాత్రికి భరించలేరు. అర్ధరాత్రి నిద్రమత్తులో బాత్రూమ్‌కి లేచినప్పుడే పడేవాళ్లు చాలామంది కాబట్టి, రాత్రి విప్పి పక్కన పెట్టే ప్రొటెక్టర్‌కి మేం సగం మార్కులే ఇస్తాం. మెత్తటి ఫోమ్ రకం దెబ్బని తనలోకి పీల్చుకుంటుంది, పడుకున్నా అంతగా నొక్కుకోదు. మా ఓటు దీనికే. అలాగని మెత్తగా ఉన్నదల్లా మంచిదనుకోవద్దు: 2011లో 26 రకాలని ల్యాబ్‌లో పరీక్షిస్తే, ఎముక మెడ మీద పడే బలాన్ని తగ్గించడంలో అవి 2.5 శాతం నుంచి 40 శాతం దాకా తేడా చూపించాయి. బట్టల కింద కనపడదని గొప్పగా చెప్పుకునే పల్చటి ప్యాడ్లని నమ్మడం కష్టం. పరీక్ష ఫలితం అంకెల్లో ఇవ్వని కంపెనీ సరుకు పక్కన పెట్టేయండి. ఒకవైపే ప్యాడ్ ఉన్నది అసలొద్దు, ఏ పక్కకి పడతారో ముందే ఎవరికి తెలుసు?

బట్టల మీంచి కట్టే వెల్క్రో బెల్టు రకం సాయం చేసేవాళ్లకి సులువు, కానీ నడుస్తుంటే తిరిగిపోతుంది.

సైజు దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. నడుము కొలత కాదు, పిరుదులు బాగా వెడల్పుగా ఉన్నచోట చుట్టుకొలత తీసుకోవాలి. డైపర్ వాడేవాళ్లకి డైపర్ మీంచే కొలవాలి. తొడిగాక సరిచూసే పద్ధతి ఇది: మనిషిని బల్ల పట్టుకుని నిలబెట్టి, తొడ పక్కన అరచెయ్యి ఆనించి, పాదాన్ని లోపలికీ బయటికీ తిప్పమనండి. చేతికింద కదిలే గట్టి బొడిపె దొరుకుతుంది. ప్యాడ్ మధ్యభాగం సరిగ్గా దాని మీదే ఉండాలి. తర్వాత కూర్చోబెట్టి, లేపి, నాలుగడుగులు వేయించి మళ్లీ చూడండి. నిక్కరు వదులైతే ప్యాడ్ వెనక్కి జారి పిరుదు మీద కూర్చుంటుంది, అప్పుడది ఉత్త దిండు. బిగుతైతే తొడల దగ్గర అంచు కోసుకుపోతుంది, పైకి లాగడానికి వాళ్ల వేళ్లలో బలం చాలదు, రెండో రోజుకే వద్దంటారు.

తొడిగేటప్పుడు మంచం అంచున కూర్చోవాలి. బలహీనంగా ఉన్న కాలు ముందు, రెండోది తర్వాత. రెండూ మోకాళ్ల పైదాకా లాక్కున్నాకే లేచి, ఒక చేత్తో గట్టి ఆసరా పట్టుకుని పైకి లాగాలి. ఒంటికాలి మీద నిలబడి తొడుక్కోబోయి పడితే కొన్నదంతా దండగ. విప్పేటప్పుడు బలమైన కాలు ముందు. మూత్రం ఆపుకోలేనివాళ్లకి మధ్యలో తెరిచి ఉన్న రకం మేలు. మామూలు రకమైతే డైపర్ లోపల, ప్రొటెక్టర్ పైన.

మూడు జతలకి తక్కువైతే లాభం లేదు. ఒకటి ఒంటి మీద, ఒకటి ఉతుకులో, ఒకటి తడిస్తే మార్చడానికి. తరచూ తడుస్తుంటే ఐదు. ప్యాడ్ కుట్టేసిన రకం ఆరడానికి చాలాసేపు పడుతుంది. జేబులోంచి తీసి ఉతికే రకంలో ఆ బాధ లేదు, కానీ ప్యాడ్ తిరగేసి పెట్టడమో, పెట్టడమే మర్చిపోవడమో జరుగుతుంది. మతిమరుపు ఉన్నవాళ్లయితే ప్యాడ్‌ని బయటికి తీసి దాచేస్తారు కూడా, వాళ్లకి కుట్టేసిందే కొనండి. ఫోమ్‌ని మెలితిప్పి పిండొద్దు. వేలితో నొక్కి వదిలితే గుంట అలాగే ఉండిపోతోందంటే ఆ ప్యాడ్ పని అయిపోయినట్టే.

రోజూ ఒకసారి ప్యాడ్ కింది చర్మం చూడాలి. విప్పిన అరగంటకి కూడా ఎర్రమచ్చ పోకపోతే సైజు మార్చాలి. అక్కడ పుండు ఉంటే మానేదాకా తొడగొద్దు. తుంటికి ఈమధ్యే ఆపరేషన్ అయి ఉంటే సర్జన్‌ని అడిగాకే.

ప్రొటెక్టర్ ఉన్నా సరే, పడ్డాక గజ్జలో నొప్పి అంటున్నా, ఒక కాలు పొట్టిగా కనపడి పాదం బయటికి తిరిగి ఉన్నా, లేపి నిలబెట్టకండి. కదపకుండా అంబులెన్స్ పిలవండి. కొన్ని విరుగుళ్లలో ఎముక ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగబడి, మనిషి నాలుగడుగులు నడవగలుగుతారు కూడా. నడిచారు కదా అని వదిలేయొద్దు, నొప్పి ఉంటే అదే రోజు ఎక్స్-రే తీయించండి.