భారం ఎవరి మీద పడుతోందో చూపించే జీతాల లెక్కల సేవ, హనుమకొండ

వరంగల్‌లో బడి పిల్లల యూనిఫాంలు కుట్టించే మా యూనిట్‌కు జీతాలు, పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) లెక్కలను హనుమకొండలోని ఒక అకౌంట్స్ కార్యాలయం చూస్తోంది. చలాన్లు 15వ తేదీ గడువు దాటవు. అంతకంటే విలువైనది వారు నెలనెలా ఇచ్చే పట్టిక. ఒక్కొక్కరి మీద యజమాని అదనంగా కట్టేది జీతంలో ఎంత శాతమో అందులో విడిగా ఉంటుంది.

మొత్తం జీతమూ మూలవేతనంగానే ఉన్న 12,000 రూపాయల కుట్టు కార్మికురాలికి పీఎఫ్, దానికి తోడయ్యే బీమా, నిర్వహణ రుసుములు కలిపి 13 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం, వెరసి 1,950 రూపాయలు మేము కట్టాలి. 30,000 తీసుకునే కటింగ్ మాస్టర్‌కు పీఎఫ్‌ను 15,000 పరిమితి వరకే లెక్కిస్తున్నాం, జీతం 21,000 దాటినందున ఈఎస్‌ఐ వర్తించదు. ఆయన మీద కట్టేదీ సరిగ్గా 1,950 రూపాయలే. అంటే ఆమె మీద 16.25 శాతం, ఆయన మీద 6.5 శాతం. ఇవి పేరుకు పన్నులు కాకపోయినా, కొత్త మనిషిని తీసుకోవాలా వద్దా అని యజమాని ఆలోచించే వేళ పన్నులాగే పనిచేస్తాయి. ఖర్చు తగ్గించాలనుకునేవాడు, మరోచోట పని సులభంగా దొరికే కటింగ్ మాస్టర్ జోలికి పోకుండా, మిషన్ల మీద కూర్చునే మహిళలనే రిజిస్టరు నుంచి తప్పించి పీస్ రేటుకు ఇంటి దగ్గర కుట్టమంటాడు. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

ఈ కార్యాలయం మాకు ఆ దారి చూపలేదు. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 వరకు చేర్చుకునే అదనపు సిబ్బందిలో, 10,000 దాటి 20,000 లోపు వేతనం ఉన్నవారికి నెలకు 2,000 రూపాయల చొప్పున యజమానికి అందుతుందని, 50 మందిలోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని చేర్చుకుని ఆరు నెలలు కొనసాగించాలని వారు ఓపికగా వివరించారు. అర్హత ఉన్నంతకాలం ఆ 1,950 భారం మా నుంచి ప్రభుత్వ ఖజానాకు మారుతుంది. తయారీ రంగానికి ఈ సాయం నాలుగేళ్లు.

లోపం ఒక్కటే, కానీ పెద్దది. జీతం స్లిప్పులు ఇంగ్లీషులోనే ఇస్తున్నారు. 12,000లో తమ వాటాగా 1,530 పోయి 10,470 ఎందుకు చేతికొస్తుందో, ఆ కోతకు బదులుగా తమకు దక్కే హక్కులేమిటో చదువుకునే వీలు మా మహిళలకు లేదు. యజమానులకు ఈ సేవను నిస్సందేహంగా సూచిస్తాను. చేరేటప్పుడే తెలుగు స్లిప్పులు కావాలని పట్టుబట్టండి.