అమ్మ మోకాళ్ళు, టికెట్ మీద ఒక అక్షరం

శంషాబాద్‌లో రాత్రి ఒంటిగంటన్నరకి చెకిన్ కౌంటర్ ముందు నిలబడి, నా దగ్గర ఇన్ని మైల్స్ (విమానం ఎక్కినప్పుడల్లా జమయ్యే పాయింట్లు) ఉన్నాయి, మా అమ్మ ఒక్కదానికైనా బిజినెస్ క్లాస్‌లో సీటు ఇవ్వండి అని అడిగాను. కౌంటర్‌లో అమ్మాయి స్క్రీన్ చూసి "మేడమ్, ఈ ఫేర్‌కి అప్‌గ్రేడ్ అలో అవ్వదు" అంది. మైల్స్ సరిపోతాయట, బిజినెస్‌లో సీట్లూ ఉన్నాయట, మేం టికెట్ కొన్న రేటే అడ్డమట. నాలుగేళ్ళుగా డాలస్ - హైదరాబాద్ తిరుగుతూ, ఒక్కటి కూడా ఖర్చు పెట్టకుండా దాచుకున్న మైల్స్ అవి. అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, గంట కూర్చుంటే లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది, గల్ఫ్ మీదుగా డాలస్ అంటే లేఓవర్‌తో కలిపి ఇంచుమించు ఇరవై రెండు గంటలు.

నాన్న "ముందే కనుక్కోవాల్సిందమ్మా" అన్నారు. అమ్మ మాత్రం "పోనీలేవే, కూర్చునే కదా వెళ్ళేది, నడిచి కాదుగా" అంది. ఎయిర్‌లైన్ పేరు రాయను, ఎందుకంటే తప్పు వాళ్ళది సగమే, మిగతా సగం నాది. కొన్నప్పుడు అన్నిట్లోకీ చవకైంది నొక్కేసి, కింద ఉన్న షరతులు చదవలేదు. ఆ పై మెట్టు ఫేర్‌కీ నేను కొన్నదానికీ తేడా మనిషికి తొమ్మిది వేల చిల్లర. అది కట్టి ఉంటే మైల్స్ వాడుకునే వీలుండేదని ఇంటికొచ్చాక తెలిసింది.

ఆ ప్రయాణంలో మంచి మాట చెప్పుకోవాలంటే వీల్‌చెయిర్ సర్వీసు. టికెట్ ఎంత చవకదైనా దానికి తేడా లేదు, ముందే రిక్వెస్ట్ పెట్టుకుంటే చాలు, డబ్బులు అక్కర్లేదు. లేఓవర్‌లో వీల్‌చెయిర్ వాళ్ళందరినీ ఒక మూల వరసగా కూర్చోబెట్టారు. చూస్తే సగం మంది మన తల్లిదండ్రులే, పావుగంటలో "మీదే ఊరండీ", "మనవడా మనవరాలా" మొదలైపోయింది, అమ్మకి తెనాలి ఆవిడ ఒకరు దొరికారు. ఇక సీటు సంగతి చెప్పక్కర్లేదు. మధ్య వరస, ముందువాళ్ళు సీటు వాల్చేశారు, డాలస్‌లో దిగేసరికి అమ్మ పాదాలు చెప్పుల్లో పట్టలేదు.

సరే, ఆ అక్షరం సంగతి. ఇ-టికెట్‌లో మీ ఫ్లైట్ వివరాల పక్కన "క్లాస్" అని ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది, అది లేకపోతే ఫేర్ బేసిస్ అనే పొడుగాటి కోడ్‌లో మొదటి అక్షరం చూడండి, మామూలుగా అదే. మనం ఎకానమీ అంటే ఒకటే అనుకుంటాం, లోపల అది పది పన్నెండు రేట్లుగా విడిపోయి ఉంటుంది. రైల్లో ఒకే స్లీపర్ బోగీలో పక్కపక్క బెర్తులే, ఒకరు మామూలు టికెట్, ఒకరు తత్కాల్. తత్కాల్ కన్ఫర్మ్ అయ్యాక క్యాన్సిల్ చేస్తే రూపాయి వెనక్కి రాదు, మామూలు దానికి కొంతైనా వస్తుంది. బెర్తు అదే, రూలు వేరు. విమానంలోనూ ఇదే లెక్క, కాకపోతే ఇక్కడ చవక టికెట్ మీదే ఆంక్షలు ఎక్కువ. తేదీ మార్పు, రిఫండ్, మైల్స్‌తో అప్‌గ్రేడ్ అన్నీ ఆ అక్షరాన్ని బట్టే.

వై అంటే పూర్తి రేటు ఎకానమీ, జె అంటే పూర్తి రేటు బిజినెస్, ఈ రెండూ చాలాచోట్ల ఒకటే. మధ్యలో ఉన్నవాటికి ఎవరి లెక్క వాళ్ళది. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో క్యూ, ఓ, జి అడుగున ఉండే ఎకానమీ క్లాసులు, వాటి మీద ఏవియోస్ పాయింట్లతో (వాళ్ళ మైల్స్ పేరు అది) అప్‌గ్రేడ్ చేయనివ్వరు. అదే క్యూ యునైటెడ్‌లో చాలా నయం, వి, డబ్ల్యూల కన్నా పైన ఉంటుంది. యునైటెడ్‌లో ఎన్ అంటే బేసిక్ ఎకానమీ, అంటే ఆంక్షలు ఎక్కువుండే అట్టడుగు రేటు, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో ఎన్ మామూలు ఎకానమీ, అప్‌గ్రేడ్ అవుతుంది. కాబట్టి ఎవరైనా "క్యూ క్లాస్ వచ్చింది, మంచిదేనా" అని అడిగితే ముందు ఏ ఎయిర్‌లైనో చెప్పమనండి.

ఒక్కో అక్షరానికి ఇన్ని సీట్లని పక్కన పెట్టుకుంటారు. ఏజెంట్ల స్క్రీన్ మీద అక్షరం పక్కన అంకె కనిపిస్తుంది, తొమ్మిది దాటి చూపించరు, లోపల నలభై ఉన్నా తొమ్మిదే. ఇది తెలిశాక మా అన్నయ్య వాళ్ళకి ఒకసారి డబ్బులు మిగిలాయి. నలుగురికి వెతికితే ఒక రేటు, ఒక్కరికి వెతికితే తక్కువ రేటు! చవక అక్షరంలో మూడే సీట్లు మిగిలాయి, నలుగురిని కలిపి అడిగేసరికి సైటు అందర్నీ పై రేటులోకి తోసేసింది. ముగ్గురికి ఒక టికెట్, ఒకరికి ఇంకో టికెట్ కొన్నాడు. అయితే పిఎన్ఆర్‌లు రెండవుతాయి, ఫోన్ చేసి రెండింటినీ లింక్ చేయించుకోవాలి, పిల్లల్ని మాత్రం ఒంటరిగా వేరే పిఎన్ఆర్‌లో పెట్టకండి.

ఈసారి లండన్ మీదుగా బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో తీసుకొచ్చాను అమ్మానాన్నల్ని. కొనేముందు వారం రోజులు కూర్చుని చదివా, మా ఆయన ఇదేదో పరీక్షకి చదువుతున్నట్టుందే అని ఎగతాళి చేశారు. తేలిందేంటంటే, అక్కడ అప్‌గ్రేడ్ ఒక్క మెట్టే. ఎకానమీ నుంచి ప్రీమియం ఎకానమీకి (ఎకానమీకీ బిజినెస్‌కీ మధ్య క్లాసు) వెళ్ళొచ్చు, నేరుగా బిజినెస్‌కి దూకలేం. బిజినెస్ కావాలంటే డబ్బులతో ప్రీమియం ఎకానమీ కొని, పాయింట్లతో పైకి వెళ్ళాలి. పాయింట్లు ఉన్నంతమాత్రాన కూడా అవదు. పై క్లాసులో రివార్డ్ సీటు, అంటే పాయింట్లకని పక్కన పెట్టిన సీటు, ఖాళీ ఉండాలి, బిజినెస్‌కి ఆ అక్షరం యు. సీట్ మ్యాప్‌లో సగం కేబిన్ ఖాళీగా కనిపించినా యు సున్నా ఉందంటే రాదు. చివరి నిమిషం దాకా డబ్బులు పెట్టి కొనేవాళ్ళ కోసం అట్టే పెట్టుకుంటారు మరి. పైగా పాయింట్లతో పాటు ట్యాక్సులు, ఛార్జీల్లో తేడా కూడా మనమే కట్టాలి, అది చిన్న మొత్తమేం కాదు.

ముగ్గురికీ ప్రీమియం ఎకానమీ కొన్నాను, వాళ్ళు వరల్డ్ ట్రావెలర్ ప్లస్ అంటారు. అమ్మని మొదట్నుంచే వేరే పిఎన్ఆర్‌లో పెట్టాను, ఉన్న పాయింట్లు ఒక్కరికే సరిపోతాయి కాబట్టి. హైదరాబాద్ - లండన్ ముక్కకి యు సీటు దొరికింది. లండన్ - డాలస్‌కి రోజూ చూశాను, దొరకలేదు, పండక్కి రైలు టికెట్ కోసం చూసినట్టు పొద్దున్నే లేచి మరీ చూశాను.

నిజం చెప్పాలంటే ప్రీమియం ఎకానమీయే నాకు ఎక్కువ నచ్చింది. ముందు సీటు వెన్ను నుంచి మన సీటు వెన్ను దాకా 38 అంగుళాలు, ఎకానమీలో 31. ఏడు అంగుళాలే కదా అనిపిస్తుంది కాగితం మీద, మోకాలి నొప్పి ఉన్నవాళ్ళకి అదే ప్రాణం. సీటు వెడల్పు, కాళ్ళు ఆనించుకోవడానికి చోటు ఉంది, ఎక్కేటప్పుడు ముందు పిలిచారు. తిండి మాత్రం గొప్పగా ఏం లేదు, అన్నం గట్టిగా ఉంది, నాన్న బ్యాగులో ఉన్న పులిహోర పొట్లం తీసేశారు. సొంత డబ్బులతో వెళ్ళేవాళ్ళకి ఎకానమీలో పై అక్షరం కొనడం కన్నా ఇది నయం అని నా అభిప్రాయం, రెండింటికీ తేడా కొన్ని తేదీల్లో ఆశ్చర్యపోయేంత తక్కువ ఉంటుంది.

ఇంకో పొరపాటు చేశాను, చెప్పాలి. హైదరాబాద్ నుంచి లండన్ విమానం పొద్దున బయల్దేరుతుంది, అక్కడ దిగేసరికి మధ్యాహ్నం. అంటే పడుకునే సీటు పగటి ప్రయాణానికి వాడేశాను. తిరుగు ప్రయాణంలో అయితే లండన్‌లో మధ్యాహ్నం ఎక్కితే హైదరాబాద్‌లో తెల్లారుతుంది, రాత్రంతా గాల్లోనే, పాయింట్లు అటువైపు వాడాల్సింది. మీరు ఒక్క ముక్కకే అప్‌గ్రేడ్ చేయగలిగితే రాత్రి ఏది పడుతుందో చూసుకోండి.

వేలం అప్‌గ్రేడ్ గురించి కూడా అడుగుతుంటారు. కొన్ని ఎయిర్‌లైన్లు మెయిల్ పంపుతాయి, మీరెంత ఇస్తారో చెప్పండి అని, పక్కన ముల్లు ఊగుతూ "బలహీనం", "బలం" అని చూపిస్తుంది. ఒక్కొక్కరికి, ఒక్కో ఫ్లైట్‌కి లెక్క అది, మొత్తం అనుకుని పెడితే గుండె ఆగుతుంది. ఒకే పిఎన్ఆర్‌లో ఉంటే సాధారణంగా అందరికీ కలిపే వేయాలి, అమ్మ ఒక్కదానికి అంటే కుదరదు. బాగా చవక ఫేర్ల మీద ఆ మెయిలే రాకపోవచ్చు. మేం వేరే ఎయిర్‌లైన్‌లో ఒకసారి ప్రయత్నించాం, రాలేదు, డబ్బులూ కట్ అవ్వలేదు, గొడవ లేదు.

మా బాబాయ్ థియరీ ఇంకోటి, కోటు వేసుకుని వెళ్ళి నవ్వుతూ అడిగితే బిజినెస్‌లో కూర్చోబెడతారని. ఆయన పద్దెనిమిదేళ్ళుగా కోటు వేసుకునే వెళ్తున్నారు, ఎకానమీలోనే వస్తున్నారు. ఎకానమీలో సీట్ల కన్నా ఎక్కువ టికెట్లు అమ్మేసినప్పుడు కొందరిని ఉచితంగా పైకి పంపడం ఉంది, కానీ అప్పుడు ముందు చూసేది మెంబర్‌షిప్ స్థాయి, ఆ తర్వాత మళ్ళీ మన అక్షరమే.

అమీర్‌పేటలో, కూకట్‌పల్లిలో ఏజెంట్లు ఇచ్చే గ్రూప్ ఫేర్లు చవకే, నేనూ కొన్నాను, స్టూడెంట్స్‌కి అవే దిక్కు. కానీ వాటిలో చాలావాటికి మైల్స్ కూడా పడవు, అప్‌గ్రేడ్ మాట దేవుడెరుగు. డబ్బులు కట్టకముందే "క్లాస్ ఏంటండీ, మైల్స్‌తో అప్‌గ్రేడ్ అవుతుందా" అని వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి, ఫోన్లో అందరూ "అవుతుంది మేడమ్" అనే అంటారు. టికెట్ మీద ఒక ఎయిర్‌లైన్ నంబరు ఉండి, నడిపేది ఇంకో ఎయిర్‌లైన్ అయితే అప్‌గ్రేడ్ ఇంకా చిక్కు, "ఆపరేటెడ్ బై" అన్న లైను వదలకండి.

అమ్మ బిజినెస్ ప్రయాణం ఎలా జరిగిందంటారా? సీటు పూర్తిగా మంచంలా వాలుతుందని ఎక్కేముందే చూపించాను, ఏ బటన్ నొక్కాలో రెండుసార్లు చెప్పాను. మూడు గంటల తర్వాత క్రూని అడిగి ముందుకెళ్ళి చూస్తే నిటారుగా కూర్చుని ఉంది, చెప్పులు కూడా విప్పలేదు. "ఏదైనా నొక్కితే పాడవుతుందేమోనే" అంది. నేనే నొక్కి పడుకోబెట్టి దుప్పటి కప్పి వచ్చాను. గంటన్నర నిద్రపోయిందట. ఆ తర్వాత లండన్ వచ్చేలోపు ఆ మోకాళ్ళతోనే కర్టెన్ దాటుకుని రెండుసార్లు వెనక్కి నడిచొచ్చింది, నాన్న బీపీ మాత్ర వేసుకున్నారో లేదోనని.