ఆటోఫాక్ నెస్టెడ్ స్కోప్‌లు: అయిదేళ్లు వాడాక

డాట్‌నెట్‌లో క్లాసులకు కావాల్సిన ఆబ్జెక్టులను తయారుచేసి అందించే కంటైనర్ లైబ్రరీ ఆటోఫాక్. అందులో నాకు బాగా నచ్చింది ఒక్కటే, స్కోప్ (ఆ ఆబ్జెక్టులు బతికుండే పరిధి) లోపల ఇంకో స్కోప్ తెరవడం. 'బిగిన్ లైఫ్‌టైమ్ స్కోప్' అని పిలుస్తాం. స్కోప్‌కి ఒకటని రిజిస్టర్ చేస్తే, ఆ పని అయ్యేదాకా లోపలున్న క్లాసులన్నిటికీ ఒకే డీబీకాంటెక్స్ట్ (డేటాబేస్‌తో మాట్లాడే ఆబ్జెక్ట్) అందుతుంది. స్కోప్ మూయగానే కనెక్షన్లతో సహా అన్నీ డిస్పోజ్ అయిపోతాయి, అంటే పట్టుకున్నవన్నీ వదిలేస్తాయి. ఆ హాయికి అలవాటుపడి, చేత్తో డిస్పోజ్ రాయడమే మర్చిపోయాను.

ఆ మరుపే ఒకసారి మా మీదికి తెచ్చింది. క్యూలోంచి మెసేజ్‌లు తీసుకుని ఇన్వాయిస్‌లు మెయిల్ చేసే సర్వీస్ ఒకటి ఉంది మాకు. దాని మెమరీ పొద్దున 300 ఎంబీతో మొదలై రాత్రికి 2 జీబీ దాటేసేది. రోజూ రీస్టార్ట్ చేసుకుంటూ రెండు వారాలు నెట్టుకొచ్చాం. తప్పు మా కోడ్‌లోనే ఉంటుందని స్టాటిక్ లిస్టులు, ఈవెంట్ హ్యాండ్లర్లు అన్నీ గాలించాను. ఏమీ దొరకలేదు. చివరికి మెమరీ డంప్ తీస్తే, ఎప్పుడో పని అయిపోయిన మెయిల్ క్లయింట్లు వేలల్లో అలాగే ఉన్నాయి. వాటిని వదలకుండా పట్టుకున్నది ఏమిటా అని ఒక్కో మెట్టే పైకి వెళ్తే తేలింది: ఆటోఫాక్ డిస్పోజర్ (డిస్పోజ్ చేయాల్సినవాటిని గుర్తుపెట్టుకునే భాగం), దాని లోపలున్న స్టాక్.

ప్రతి మెసేజ్‌కీ హ్యాండ్లర్‌ను నేరుగా రూట్ కంటైనర్ (అన్నిటికంటే పై స్కోప్) నుంచే రిజాల్వ్ చేస్తున్నాం, అంటే తెప్పించుకుంటున్నాం. డిస్పోజ్ చేయాల్సిన ఆబ్జెక్ట్ ఏ స్కోప్‌లో పుడితే, ఆ స్కోప్ మూసేదాకా అది అక్కడే ఉంటుంది, 'ఇన్‌స్టెన్స్ పర్ డిపెండెన్సీ' (అడిగిన ప్రతిసారీ కొత్తది) అని పెట్టినా సరే. రూట్ మూతపడేది సర్వీస్ ఆగినప్పుడే కదా! పరిష్కారం: ఒక్కో మెసేజ్‌కి ఒక చిన్న స్కోప్, దాని చుట్టూ ఒక 'యూజింగ్' (పని కాగానే స్కోప్‌ను మూసేసే బ్లాక్). మార్చింది మూడు లైన్లు. ఆ రాత్రి గ్రాఫ్ 300 దగ్గరే ఆగితే, నమ్మకం కుదరక పన్నెండు దాకా చూస్తూనే ఉన్నాను.

అందుకే 'అన్నీ అదే చూసుకుంటుంది' అని జూనియర్లకు చెప్పడం మానేశాను. ఇంకోటి, సింగిల్టన్ (ప్రోగ్రామ్ మొత్తానికి ఒక్కటే ఉండే ఆబ్జెక్ట్) ఏదైనా డీబీకాంటెక్స్ట్‌ను అడిగితే అది రూట్‌లో పుట్టి అక్కడే పాతుకుపోతుంది. మైక్రోసాఫ్ట్ సొంత కంటైనర్ డెవలప్‌మెంట్‌లోనే ఎర్రర్ ఇచ్చి ఈ తప్పును పట్టిస్తుంది. ఆటోఫాక్‌కి మారాక ఆ కాపలా పోయింది, కోడ్ రివ్యూలో మేమే కళ్లు పెట్టి చూసుకోవాలి.

మా క్లయింట్లలో ఒక్కొక్కరిది ఒక్కో ఎస్సెమ్మెస్ ప్రొవైడర్. లోపలి స్కోప్ తెరుస్తూ రిజిస్ట్రేషన్ (ఏది అడిగితే ఏ క్లాస్ ఇవ్వాలన్నది) ఇలా క్లయింట్‌ను బట్టి మార్చుకునే వీలు మైక్రోసాఫ్ట్ దాంట్లో లేదు, కాబట్టి నేను ఆటోఫాక్‌ను వదలను. ఆ అవసరం లేని మామూలు వెబ్ ఏపీఐకి మాత్రం ఇంత దూరం రానక్కర్లేదనే అనిపిస్తుంది.